వదినగారి లైసెన్సు

మా కళ్ళద్దాల కొట్టుకి ఆనుకుని ఉన్న ఎంబ్రాయిడరీ కొట్టు ఆవిడది. వీధిలో అందరూ ఆవిడని వదినగారు అంటారు. ఆవిడకన్నా పెద్దవాళ్ళూ అంటారు, కొరియర్ తెచ్చే మనిషీ అంటాడు. దీనికి కారణం ఆవిడ మరిది. చదువుకునే రోజుల్లో అతను మధ్యాహ్నం అన్నానికి నేరుగా కొట్టుకే వచ్చేవాడు. వీధి మొదట్లో ఉండగానే "వదినా, ఆకలేస్తోంది" అని కేక పెట్టేవాడు. ఆ కేక వినీ వినీ వీధికి అదే నోటికొచ్చేసింది. అసలు పేరు బోర్డు మీద కూడా లేదు. "ఎంబ్రాయిడరీ వేయబడును" అని మాత్రం ఉంటుంది.

వదినగారు అంతకుముందు ఒక బీమా ఆఫీసులో కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవారు. ఆఫీసు కొత్త భవనంలోకి మారింది. అక్కడ కిటికీలు తెరుచుకోవు. తెరుచుకోని కిటికీ పక్కన కూర్చుని తను ఆలోచించలేనని ఆవిడ ఇంట్లో చెప్పారు. వాళ్ళాయన లిఫ్టుల తనిఖీ ఉద్యోగి. "లిఫ్టులో అసలు కిటికీయే ఉండదు" అన్నాడట. ఆవిడ నవ్వలేదు. మర్నాడు రాజీనామా ఇచ్చి వచ్చారు.

తర్వాత ఎవరో వాడి వదిలేసిన కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషను ఒకటి కొని ఈ కొట్టు పెట్టారు. డాక్టర్ల తెల్ల కోట్ల మీద పేర్లు, కాపలావాళ్ళ చొక్కాల మీద కంపెనీ గుర్తులు, ఇలాంటివి కుట్టేవారు. ఆ మిషనుకి బొమ్మ ఇస్తే సూది దానంతటదే తిరుగుతూ కుట్టాలి. కుట్టేది కూడా. కాకపోతే దాంతో పాటు వచ్చిన ప్రోగ్రాముకి నిలకడ లేదు. మొదటి అక్షరం సగం కుట్టి, దారం తెంపి, చివరి అక్షరానికి పరిగెత్తేది. అక్కడ మళ్ళీ తెంపి వెనక్కి వచ్చేది. తెంపిన ప్రతిచోటా గుడ్డ వెనక ఒక దారప్పోగు వేలాడేది. మిషను కుట్టిన సేపుకన్నా ఆ పోగులు కత్తిరించడానికే ఆవిడకి ఎక్కువ సేపు పట్టేది.

మిషను కంపెనీకి రాశారు. మిషను ఎలా పనిచేయాలో అలాగే పనిచేస్తోందని జవాబొచ్చింది. పోనీ ఆ ప్రోగ్రాము చూపిస్తే నేనే సరిచేసుకుంటానని మళ్ళీ రాశారు. ప్రోగ్రాము తెరవడం కొనుగోలు నిబంధనలకి విరుద్ధమని వాళ్ళు రాశారు. ఆ రోజు ఆవిడ కత్తెర పట్టుకునే మా కొట్లోకి వచ్చారు.

"మిషను నాది, గుడ్డ నాది, దారం నాది. తప్పొక్కటే వాళ్ళది. దాన్ని ముట్టుకోకూడదటండీ."

నేను కత్తెర వంకే చూస్తూ అవునన్నాను.

ఇక ఆవిడే రాయడం మొదలుపెట్టారు. కుట్టాల్సిన చోట్లన్నీ ఇస్తే, సూది ఎటు నుంచి ఎటు పోతే దారం అతి తక్కువసార్లు తెగుతుందో లెక్కగట్టి దారి చెప్పే చిన్న ప్రోగ్రాము అది. దానంతటది ఏమీ కుట్టదు. వేరే ప్రోగ్రాము ఏదైనా దాన్ని తనతో కలుపుకుని దారి అడుగుతుంది, ఇది చెబుతుంది.

"ఇలాంటి ముక్కని లైబ్రరీ అంటారు" అన్నారు.

"పుస్తకాలుంటాయా?"

"ఉండవు."

అంతటితో నాకు సగం అర్థమైంది.

దారప్పోగులు బాగా తగ్గాయి. ఆవిడ ఆ లైబ్రరీని ఇంటర్నెట్‌లో పెట్టి, ఎవరైనా ఊరికే వాడుకోవచ్చన్నారు. ఊరికే అంటే పూర్తిగా ఊరికే కాదు. దాని మీద ఒక లైసెన్సు పెట్టారు. అప్పటికే లోకంలో చాలామంది వాడుతున్న లైసెన్సే, ఆవిడ సొంతంగా రాసింది కాదు. దాని సంగతేమిటని అడిగితే నాకిలా చెప్పారు. దీన్ని మీ ప్రోగ్రాములో కలుపుకోండి, ఆ ప్రోగ్రాముని అమ్ముకోండి, మీ సొంత భాగం ఎవరికీ చూపించక్కర్లేదు. కానీ నా లైబ్రరీ అందులో ఉందని కొన్నవాళ్ళకి చెప్పండి. దాని మూలం, అంటే నేను రాసిన రాత, అడిగితే ఇవ్వండి. మీరు దాన్ని మార్చుంటే మార్చిందీ ఇవ్వండి. అన్నిటికన్నా ముఖ్యం, కొన్నవాడు కావాలంటే మీ వస్తువులోంచి నా పాత లైబ్రరీని తీసి, బాగుచేసుకున్నది పెట్టుకునే వీలుండాలి.

"ఆ చివరిదెందుకండీ?"

"నన్ను ముట్టుకోవద్దన్నారు కాబట్టి" అన్నారు వదినగారు.

కొన్నాళ్ళకి ఎవరో తెలియని మనిషి ఆ లైబ్రరీకి ఒక కొత్త ముక్క రాసి పంపారు. గుండ్రటి బొమ్మలు, వంపులు కుట్టేటప్పుడు దారి ఎలా వెతకాలో చెప్పే ముక్క. ఇంటర్నెట్‌లో ఆ మనిషి పెట్టుకున్న పేరు నత్త. ఆడో మగో కూడా వదినగారికి తెలియదు. నత్త పంపిన ముక్క బాగుంది, కలిపేశారు. నత్త రాసిన ముక్క మీద హక్కు నత్తదే, అదే లైసెన్సు కింద అందరికీ ఇచ్చినట్టు. ఉత్తరాలు రాసుకునేవారు. అన్నీ తప్పొప్పుల గురించే. నత్త ఒక్కసారి కూడా బాగున్నారా అని అడగలేదు.

ఈలోగా మరిది చదువు ముగించి కంపెనీ పెట్టాడు. కంపెనీ కన్నా ముందు "డైరెక్టర్" అని కార్డులు అచ్చు వేయించుకున్నాడు కాబట్టి ఇంట్లోనూ వీధిలోనూ అతను డైరెక్టరే అయ్యాడు. మనిషి మంచివాడు. మాట ఎక్కువ. అతని కంపెనీ ఒక చిన్న బాక్సు తయారుచేసింది. ఏ పాత ఎంబ్రాయిడరీ మిషనుకైనా దాన్ని తగిలిస్తే కొత్తదానిలా కుడుతుంది. ఆలోచన నిజానికి బాగుంది. కంపెనీలో అమ్మేవాళ్ళు చాలామందే ఉండేవారు. ప్రోగ్రామరు ఒక్కడే.

తువ్వాళ్ళాయన వచ్చింది ఆ రోజుల్లోనే. హోటళ్ళకి తువ్వాళ్ళు సరఫరా చేస్తాడాయన. ఒక పెద్ద సంచీ నిండా తువ్వాళ్ళు తెచ్చి వదినగారి బల్ల మీద బోర్లించాడు. ప్రతి తువ్వాలు మూలా ఒక హోటలు గుర్తు, కిరణాలతో సూర్యుడు. ప్రతి సూర్యుడికీ నడిమధ్యన ఒక కన్నం.

"డైరెక్టరుగారి బాక్సు కొన్నానండీ. అన్నీ బాగానే కుడుతోంది. ఈ సూర్యుడి దగ్గరికొచ్చేసరికి గుడ్డని పొడిచి చంపుతోంది. ఈ కన్నాల మీద ఏదైనా కుట్టి మూసిపెట్టగలరా?"

వదినగారు ఒక తువ్వాలు తిప్పి వెనక వైపు చూశారు. చాలాసేపు చూశారు. "మీ మిషను ఒకసారి చూడొచ్చా?" అన్నారు. నా కొట్లో బేరాలు లేవు, నేనూ వెళ్ళాను.

తువ్వాళ్ళాయన షెడ్డులో మిషను ఆన్ చేసి సూర్యుణ్ణి పెట్టాడు. సూది బొమ్మకి కింద ఎడమ మూల నుంచి మొదలుపెట్టింది. ఒక కిరణం కుట్టి మధ్యకి వచ్చింది, ఇంకో కిరణం కుట్టి మళ్ళీ మధ్యకి వచ్చింది. ప్రతి కిరణానికీ వచ్చి అదే చోట పొడిచింది. ఆఖరికి గుడ్డ చిరిగింది. వదినగారు ఇంకోసారి వేయమన్నారు. మళ్ళీ ఎడమ మూల, మళ్ళీ కన్నం.

"ఇది నాది" అన్నారు.

"తువ్వాలాండీ?"

"దారి."

ఆవిడ మొట్టమొదటి మిషనుకి కింద ఎడమ వైపు గుడ్డని పట్టే బిగింపు వదులుగా ఉండేదట. అది జారకముందే అటు వైపు కుట్టేయాలని, లైబ్రరీ ఎప్పుడూ అక్కణ్ణించే మొదలుపెట్టేలా రాశారు. దానికి వేరే కారణమేమీ లేదు. ఇంకెవరూ అలా రాయరు. ఈ షెడ్డులో బిగింపు గట్టిగానే ఉంది, అయినా సూది అటే వెళ్ళింది.

కన్నం కూడా ఆవిడదే. కిరణం నుంచి కిరణానికి మధ్యలోంచి పోతే దారి దగ్గరని పాత లైబ్రరీ లెక్కగట్టేది. గుడ్డకి నొప్పి పుడుతుందని ఆవిడకి అప్పట్లో తోచలేదు. పువ్వుల బొమ్మ కుట్టుకునే ఎవరో ఫిర్యాదు చేస్తే ఆ తప్పు ఎప్పుడో దిద్దేశారు. డైరెక్టరు బాక్సులో ఉన్నది దిద్దకముందటిది.

తువ్వాళ్ళాయన కన్నంలో వేలు పెట్టి చూస్తూ, "ఈ దారి కనిపెట్టినవాడెవడో గానీ బుర్రలో గుజ్జు లేదండీ" అన్నాడు.

"అప్పట్లో లేదు" అన్నారు వదినగారు.

మర్నాడు దిద్దిన లైబ్రరీని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని మళ్ళీ వెళ్ళాం. బాక్సుకి పెన్‌డ్రైవ్ పెట్టే చోటుంది. పెట్టాక మాత్రం మార్చడానికి ఏమీ లేదు. లైబ్రరీ విడి ఫైలుగా ఎక్కడా లేదు. డైరెక్టరు ప్రోగ్రామూ, వదినగారి లైబ్రరీ కలిసి ఒకే ముద్ద. నాకు అర్థం కాలేదంటే, ఆవిడ నా చొక్కా జేబు చూపించారు.

"దీన్ని కుట్లు విప్పి తీసేయొచ్చు, కొత్తది కుట్టుకోవచ్చు. లైబ్రరీని విడిగా ఉంచి, నడిచేటప్పుడు మాత్రం కలుపుకోవడం అలాంటిది. వీళ్ళు చొక్కానీ జేబునీ కలిపి ఉడకబెట్టారు."

"అలా చేయకూడదా?"

"చేయొచ్చు. లైసెన్సు అదీ ఒప్పుకుంటుంది. అప్పుడు తమ ప్రోగ్రాము ముక్కల్ని, చదవడానికి వీల్లేనివైనా సరే, కొన్నవాడికివ్వాలి. కొత్త లైబ్రరీతో మళ్ళీ ముద్ద చేసుకోవడానికి. అదీ ఇవ్వలేదు. నా లైబ్రరీ ఉందని కూడా చెప్పలేదు."

బాక్సుతో వచ్చిన కాగితం తువ్వాళ్ళాయన దగ్గర ఉంది. లోపలి ప్రోగ్రాముని తెరవడం, పరిశీలించడం కొనుగోలు నిబంధనలకి విరుద్ధం అని అందులో ఉంది. వదినగారు అది చదివి మడతపెట్టి ఆయనకి ఇచ్చేశారు.

ఆ ఆదివారం అత్తగారింట్లో భోజనం దగ్గర ఏం జరిగిందో వదినగారి భర్త, ఆ లిఫ్టులాయన, నాకు చెప్పాడు. అతను కల్పించి చెప్పే మనిషి కాదు. అందుకు కావలసిన ఓపిక లేదు.

వదినగారు కూర వడ్డిస్తూ డైరెక్టరుని అడిగారట, "ఏమయ్యా, నీ బాక్సులో నా లైబ్రరీ ఉందా?"

"ఉంది వదినా! ఫ్రీగా దొరికిందని మావాడు పెట్టాడు. తర్వాత చూస్తే నీ పేరుంది. ఎంత సంతోషమేసిందో!"

"నాతో అనలేదే?"

"ఇంట్లో వస్తువుని అడిగి తీసుకుంటామా?"

"నన్నడగక్కర్లేదు. ఎవరైనా వాడుకోవచ్చని అందులోనే ఉంది. దాని కింద ఇంకొన్ని మాటలున్నాయి, చదివావా?"

"లోకంలో చదవాల్సినవి చాలా ఉంటాయి వదినా."

అత్తగారికి వినపడేది కొంతే. "వాడు నీదేం తీసుకున్నాడే?" అన్నారు.

"ఏం తీసుకోలేదు అత్తయ్యా. ఇవ్వాల్సింది ఇవ్వలేదు."

"నీకా?"

"నాక్కాదు. తువ్వాళ్ళాయనకి."

"ఆయనెవరు?"

ఇంట్లో గొడవకీ తువ్వాళ్ళాయనకీ సంబంధమేమిటని అత్తగారు పెద్దకొడుకుని అడిగారు. అతను అన్నం తింటున్నానన్నాడు.

చెయ్యి కడుక్కున్నాక డైరెక్టరు దారిలోకి వచ్చినట్టే మాట్లాడాడు. "సరే వదినా, నాకొక్కడికీ ఒక కాగితం రాసిచ్చెయ్. ఈ నిబంధనలేవీ నా కంపెనీకి వర్తించవు అని. అయిపోతుంది."

వదినగారికి అది నచ్చలేదు. అయినా అత్తగారి మొహం చూశారు. పదిహేనేళ్ళుగా ఆ ఇంట్లో ఆవిడ ఎవరిచేతా మాట పడలేదు, ఎవరినీ మాట అనలేదు. నేను రాసినంతవరకూ ఇస్తాను, అన్నారు. వంపుల ముక్క నాది కాదు, నత్తది. నత్త కూడా ఒప్పుకోవాలి.

"నత్తెవరు?" అన్నారు అత్తగారు.

అలా ఇస్తాననడం గురించి ఆవిడ నాతో తర్వాత ఒకసారి అన్నారు. "తువ్వాళ్ళాయన మొహం గుర్తొచ్చి అన్నం సయించలేదండీ. కానీ ఇల్లు కూడా ఇల్లే కదా." నత్తకి రాసిన ఉత్తరం నాలుగుసార్లు దిద్దారట. మరిది మంచివాడని కూడా రాశారు.

నత్త దగ్గర్నించి వచ్చిన జవాబు ఒక్కటే మాట. "వద్దండీ." మర్నాడు ఇంకో ఉత్తరం వచ్చింది. డైరెక్టరు సంగతి అందులో లేదు. చిన్న వంపుల దగ్గర లెక్క తప్పుతోందని, చూడమని ఉంది. చూస్తే నిజంగానే తప్పుతోంది.

వదినగారు చెప్పేసరికి డైరెక్టరు మీటింగులో ఉన్నాడు, ఫోను స్పీకరులో ఉంది. "నత్త ఒప్పుకోలేదయ్యా" అన్న మాట అమ్మకాలవాళ్ళందరూ విన్నారు. ఆ తర్వాత చాలాకాలం ఆ ఆఫీసులో ఏ పని ఆగినా ఆ మాటే అనుకునేవారట.

"అయితే నత్త ముక్క తీసేసి మిగతాది వాడతాను" అన్నాడు డైరెక్టరు.

"వాడు. నీ బాక్సు చతురస్రాలు కుడుతుంది."

కంపెనీల గుర్తులన్నీ గుండ్రంగానే ఉంటాయని అతనికి తెలుసు. వచ్చే మోడల్‌లో చూద్దాంలే అన్నాడు. వచ్చే మోడల్ ఎప్పుడో చెప్పలేదు.

ఈ మధ్యలో తువ్వాళ్ళాయన దాదాపు రోజూ వచ్చి కూర్చునేవాడు. హోటలువాళ్ళు కన్నాల సూర్యుణ్ణి తీసుకునేది లేదన్నారు. ఆయన కేకలు వేసే రకం కాదు. వచ్చి, ఒక తువ్వాలు బల్ల మీద పరిచి, దానివంక చూస్తూ ఉండేవాడు. ఒకరోజు వదినగారు మిషను ఆపి లేచారు. "పదండి" అన్నారు. నేను షట్టరు సగం దించి వెనకే నడిచాను.

డైరెక్టరు ఆఫీసులో ఎదురుగా గాజు గోడ, దాని వెనక అతని గది. మమ్మల్ని చూడగానే లేచి వచ్చాడు. "రా వదినా, లోపలికి రా!"

"ఇవాళ వదినగా రాలేదండీ" అన్నారావిడ. "మీ బాక్సు కొన్నాయన వచ్చారు. ఆయనతో వచ్చాను."

"అండీ" అనేసరికి అతని మొహం పాలిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ అతన్ని అలా పిలవలేదు. అందరికీ టీ తెప్పించాడు. ఎవరూ తాగలేదు, నేను తప్ప.

తువ్వాళ్ళాయన అడగాల్సిందేమిటో వదినగారు ముందే చెప్పిపెట్టారు. ఆయన గొంతు సవరించుకుని అడిగాడు. "మీ బాక్సులో ఉన్న లైబ్రరీ మూలం నాకు కావాలండీ. దాన్ని మార్చుకునే వీలు కూడా కావాలి." ఆ మాటలకి అర్థం ఆయనకి తెలుసో తెలియదో గానీ చాలా స్పష్టంగా అన్నాడు.

డైరెక్టరు తన స్నేహితుడైన లాయరుకి ఫోన్ చేశాడు. ఈసారీ స్పీకరులోనే. బహుశా సాక్షులుండాలని కాబోలు. సంగతంతా చెప్పాడు. లాయరు విని, "ఆ లైబ్రరీ వాడుకోవడానికి నీకు హక్కు ఎక్కణ్ణించి వచ్చింది?" అని అడిగాడు.

"ఎవరైనా వాడుకోవచ్చని లైసెన్సులో ఉంది కదా."

"ఆ లైసెన్సులోనే కదా షరతులున్నాయి?"

"ఉన్నాయి. అవి నాకు వర్తించవంటే?"

"లైసెన్సు వర్తించదన్నమాట. అప్పుడు వాడుకునే హక్కు ఎక్కణ్ణించి వచ్చింది?"

డైరెక్టరు ఆలోచించాడు. ఫోను ఆలోచించనిచ్చింది.

"హలో?" అన్నాడు లాయరు.

"ఉన్నాన్రా" అని పెట్టేశాడు.

గాజు గోడ అవతల ప్రోగ్రామరు పని ఆపి ఇటే చూస్తున్నాడు. అప్పుడు డైరెక్టరు నిజంగా బాధపడుతూ అన్నాడు, "ఊరికే ఇచ్చావనుకున్నాను వదినా."

వదినగారు మళ్ళీ వదినగారయ్యారు. "నీకు అన్నం ఊరికే పెట్టలేదూ?"

"పెట్టావు."

"తిన్న కంచం ఎవరు కడగాలన్నాను?"

"నేనే."

"కడిగేవాడివా?"

"కడిగేవాణ్ణి."

"ఇదీ అంతే" అన్నారు.

అది న్యాయశాస్త్రం ప్రకారం ఎంతవరకు నిలుస్తుందో నాకు తెలియదు. డైరెక్టరు మాత్రం ప్రోగ్రామరుని పిలిచాడు.

ప్రోగ్రామరు నెమ్మదైన మనిషి. తను కలుపుకున్న లైబ్రరీలన్నిటి లైసెన్సులూ చదవమంటే కూర్చుని చదివాడు. తెరపై అక్షరాలు గీయడానికి తెచ్చుకున్న ఇంకో లైబ్రరీ లైసెన్సు వదినగారిదానికన్నా చాలా గట్టిది. దాన్ని కలుపుకున్న ప్రోగ్రాము అమ్మితే, ఆ ప్రోగ్రాము మొత్తం మూలాన్ని కొన్నవాళ్ళ చేతిలో పెట్టాలి. ప్రోగ్రామరు ఆ సంగతి చెప్పినప్పుడు డైరెక్టరు నిలబడి ఉన్నాడు, కూర్చున్నాడు. అదృష్టం కొద్దీ ఆ లైబ్రరీ ఇంకా అమ్మకానికి వెళ్ళని కొత్త బాక్సులోనే ఉంది. బయటికి పోలేదు కాబట్టి ఇవ్వాల్సిందీ ఏమీ లేదు. దాన్ని తీసేసి, షరతులు తక్కువున్న వేరొకటి వెతుక్కున్నారు. అది అక్షరాలు కొంచెం వంకరగా గీస్తుంది. డైరెక్టరు ఆ వంకర గురించి ఎవరినీ ఏమీ అనలేదు.

వదినగారి లైబ్రరీని బాక్సులో విడి ఫైలుగా పెట్టారు. పాత బాక్సులకి కూడా ఆ మార్పు పంపారు. తెర మీద ఒక పేజీలో లైబ్రరీ పేరు, రాసినవాళ్ళ పేర్లు, లైసెన్సు, మూలం ఎక్కడ దొరుకుతుందో పెట్టారు. ప్రోగ్రాము తెరవడం నిబంధనలకి విరుద్ధమన్న వాక్యం కూడా మార్చాల్సి వచ్చింది. మార్చుకున్న లైబ్రరీ సరిగ్గా పనిచేస్తోందో లేదో కొన్నవాడు లోపల చూసుకోవడాన్ని అడ్డుకోకూడదని లైసెన్సులోనే ఉందట. ఆ వాక్యం పోతుంటే డైరెక్టరుకి దిగులేసింది. దాన్ని అతను వేరే ఎవరి కాగితంలోంచో చూసి రాసుకున్నాడు, బాగుందని.

తువ్వాళ్ళాయన షెడ్డులో అందరం చేరాం. వదినగారు పెన్‌డ్రైవ్ ఆయన చేతికే ఇచ్చారు. "మీరే పెట్టండి, మీ మిషను." ఆయన పెట్టాడు, తెర మీద అడిగినదానికి అవునన్నాడు. సూది ఎడమ మూల నుంచి మొదలైంది. కిరణం చివర నుంచి పక్క కిరణం చివరకి అంచు వెంబడే తిరిగింది. మధ్యకి రాలేదు. కుట్టడం అయ్యాక తువ్వాళ్ళాయన సూర్యుణ్ణి దీపానికి ఎదురుగా పట్టి చూశాడు.

"మధ్యలో కొంచెం ఖాళీ వచ్చిందండీ."

"కన్నంకన్నా నయం కాదా?"

"నయమే" అన్నాడు. ఇంకోసారి దీపానికి పెట్టి, "చాలా నయం" అన్నాడు. హోటలువాళ్ళు ఆ తువ్వాళ్ళు తీసుకుని ఏమీ అనలేదు. వాళ్ళ మెచ్చుకోలు అలాగే ఉంటుందని ఆయన సంతోషించాడు.

డైరెక్టరు మాత్రం అలిగాడు. ఆదివారం వదినగారు వెళితే అతను శనివారం వెళ్ళేవాడు. అత్తగారు వరసగా రెండు రోజులూ వండాల్సి వచ్చేది. వదినగారికి కొట్లో చెయ్యి ఆడేది కాదు. పేరు కుట్టాల్సిన కోటుని తలకిందులుగా బిగించడం నేను చూశాను. తప్పు చేశానేమో అని నన్ను ఒకసారే అడిగారు. నేను కళ్ళద్దాలు తుడుస్తూ, తువ్వాళ్ళాయన బాగున్నాడు కదా అన్నాను. "ఆయన బాగున్నాడు" అని మళ్ళీ మిషను వైపు తిరిగారు.

ఆఖరికి అత్తగారికి విసుగొచ్చింది. "ఇద్దరూ ఒకే రోజు రండి. నేనొక్కసారే వండుతాను. ఆ తువ్వాళ్ళాయన్ని కూడా తీసుకురండి, ఆయనెవరో నేను చూడాలి" అన్నారు.

తువ్వాళ్ళాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, అత్తగారికి ఒక తువ్వాలు తీసుకుని వెళ్ళాడు. వదినకీ మరిదికీ మధ్య కుర్చీలో కూర్చోబెట్టారు. అత్తగారు ఆయన్ని అటూ ఇటూ చూసి, చూడ్డానికి మామూలుగానే ఉన్నాడని పెద్దకొడుకుతో అన్నారు. భోజనం దగ్గర ఆయన తనంతట తనే మొదలుపెట్టాడు.

"డైరెక్టరుగారూ, నా పక్క షెడ్డువాళ్ళు కూడా మీ బాక్సే కొంటామంటున్నారండీ. వాళ్ళ దగ్గరున్నవాటికి ఏదైనా తేడా వస్తే మూసుకుని కూర్చోవాల్సిందే. మీదైతే విప్పి బాగుచేసుకోవచ్చని చెప్పాను."

డైరెక్టరు ముద్ద నోటి దాకా తెచ్చి ఆపాడు. "అలా అన్నారా?"

"నేనే అన్నానండీ."

"విప్పి బాగుచేసుకోవచ్చు" అని డైరెక్టరు మెల్లగా తనలో తను అనుకున్నాడు. ఆ మాట అతని లోపల ఎక్కడికి వెళుతోందో వదినగారికి కనిపించింది. నీళ్ళు కావాలా అని అడిగారు. కావాలన్నాడు. అలక అక్కడితో ముగిసింది.

నెల తిరక్కుండా కంపెనీ ప్రకటనలో ఆ మాట పెద్ద అక్షరాలతో వచ్చింది. ఇప్పుడతను ఎక్కడ మైకు దొరికినా, కొనుగోలుదారుకి తన వస్తువుని తాను మార్చుకునే హక్కు ఉండాలన్నది తమ కంపెనీ పుట్టినప్పటి నుంచీ ఉన్న సిద్ధాంతం అంటాడు. నమ్మే చెబుతున్నాడని వాళ్ళన్నయ్య అభిప్రాయం.

మొన్నామధ్య వాళ్ళింటికి నేనూ వెళ్ళాను. కొత్తగా చేరిన అమ్మకాలవాడిని డైరెక్టరు వెంట తెచ్చాడు. భోజనాలయ్యాక లైబ్రరీ లైసెన్సంటే ఏమిటో అతనికి వివరించడం మొదలుపెట్టాడు. ఏది విడిగా ఉంచాలి, ఏది చెప్పాలి, ఏది ఇవ్వాలి, అన్నీ వరసగా చెప్పాడు. చాలావరకు సరిగ్గానే చెప్పాడు. ఒకచోట, మార్చిన లైబ్రరీని లోకంలో అందరికీ పంచాలి అన్నాడు.

"అందరికీ అక్కర్లేదు. ఎవరికి అమ్మావో వాళ్ళకి" అన్నారు వదినగారు.

"నువ్వు ఆగు వదినా, నీకు తెలీదు" అన్నాడు డైరెక్టరు.

ఆవిడ ఆగారు. లిఫ్టులాయన నా వంక చూశాడు, నేను గోడ వంక చూశాను. డైరెక్టరు చెప్పడం పూర్తిచేసి, లేచి, తన కంచం తీసుకుని లోపలికి వెళ్ళాడు. కొత్తగా చేరిన అమ్మకాలవాడు వదినగారి వైపు వంగి, "మీరు కూడా కంపెనీలోనే పనిచేస్తారాండీ?" అని మర్యాదగా అడిగాడు.

"లేదండీ" అన్నారావిడ. "నేను ఎంబ్రాయిడరీ వేస్తాను."